కొక్కెం లేని పేరు

పోయిన వారం మీరు నన్ను జననాల ఆఫీసు మూడో కిటికీ ముందు వదిలి వెళ్ళారు. చంకలో బాబు, చేతిలో పెన్ను. సంతకం పెట్టానా లేదా అని వారమంతా అనుకుని ఉంటారు. పెట్టాను.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. మా మాటలో ఒక అక్షరం ఉంది. నాలుకను వెనక్కి మడిచి వదిలితే పలుకుతుంది, రాస్తే కొక్కెంలా ఉంటుంది. అందుకని దాన్ని కొక్కెం అనే పిలుస్తాం. ఈ దేశంలో అది పలికేవాళ్ళం వందకి పదకొండు మందిమి. మిగిలిన ఎనభై తొమ్మిది మందికి దానితో పని లేదు. కిందటేడు సభలో ఒక చట్టం చేశారు. పుట్టిన పిల్లల పేర్లు ముప్ఫై ఆరు అక్షరాల పట్టీలోంచే రాయాలట. ఆ పట్టీలో కొక్కెం లేదు. చేతులెత్తించి లెక్కపెట్టి నలభై నిమిషాల్లో తేల్చేశారు.

ఆ తర్వాత మా ఇంట్లో ఇద్దరు పుట్టారు. ముందు మా తోడికోడలికి, అంటే అక్కకి, పాప, పదహారు రోజులకి నాకు బాబు. పాప పేరుకి కొక్కెం ఉంటే 'తొలి వాన' అని అర్థం. అది తీసి దాని పక్క అక్షరం పెడితే 'తూము నీళ్ళు'. మా బాబుకి చనిపోయిన మామయ్య పేరు పెట్టుకున్నాం. కొక్కెం ఉంటే 'నిలబడినవాడు'. లేకపోతే 'నిలవ సరుకు'. ఇద్దరి పేర్లూ రాయించకూడదని, కోర్టుకే వెళ్ళాలని ఇంటిల్లిపాదీ ఒక్కమాట అనుకున్నాం. లాయరమ్మ వచ్చి ఇద్దరు పిల్లల్నీ చూసి, పాప పేరు మీద కేసు వేసింది. పేపర్లో అక్క ఫొటో పడింది, పాపను ఎత్తుకుని. ఆ ఫొటో అంచున ఎవరిదో మోచెయ్యి కనిపిస్తుంది. అది నాది.

ఆ పిల్లకి కోర్టు ఉన్నప్పుడు నా పిల్లాడికి కనీసం కాగితమైనా ఉండాలనిపించింది. అందుకే ఆ మంగళవారం ఆ కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు ప్రభుత్వం లెక్కలో నా కొడుకు నిలవ సరుకు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. పక్కన పడుకునే మా ఆయనకి కూడా.

ఇవాళ బుధవారం. కేసు రేపు పొద్దున పదిన్నరకి.

మధ్యాహ్నం మూడవుతోంది. నేనూ అక్కా ముందుగదిలో కూర్చుని ఆరిన పిల్లల గుడ్డలు మడతపెడుతున్నాం. మగవాళ్ళిద్దరూ పనులకి వెళ్ళారు. అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలో కునుకు తీస్తోంది. నిజానికి ఆవిడ కునుకు తీయదు. కళ్ళు మూసుకుని వింటుందంతే.

అక్క మడతపెట్టిన గుడ్డలు చూడండి, షాపులో చొక్కాలు పేర్చినట్టు ఉంటాయి. నావి పక్కకి జారిపోతాయి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కుట్టుపని చేసేదాన్ని నేను, గుడ్డ మడతపెట్టడంలో గెలిచేది మాత్రం ఆవిడ. ఆవిడ రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తుంది. డిగ్రీ చదివింది. నేను తొమ్మిదిలో ఆగిపోయాను, అమ్మకి జబ్బు చేసి. ఆవిడ పాప పాలు తాగిందంటే నాలుగు గంటలు కదలదు. నా బాబు నలభై నిమిషాలకోసారి లేచి, నావైపు చూసి, నేనే ఏదో తప్పు చేసినట్టు ఏడుస్తాడు. వీధిలోకి వెళ్తే చాలు, పాలబూత్ ఆయన దగ్గర్నుంచి మా కుట్టుషాపు యజమానమ్మ దాకా అందరిదీ ఒకే ప్రశ్న, "మన కేసు పాప ఎలా ఉంది?" అని. చంకలో ఉన్న నా కొడుకుని చూసి, "ఓహో, కేసు పాప తమ్ముడా!" అంటారు. వాడికి తన పేరుతో పనే లేకుండా పోయింది.

అప్పుడే తలుపు తట్టారు.

వచ్చినాయన పొట్టిగా, శుభ్రంగా, చెప్పులు విప్పాలా వద్దా అని గుమ్మంలోనే తడబడుతూ కనిపించాడు. పెద్దాఫీసు నుంచి వచ్చానన్నాడు. అంటే ఆ పేర్ల చట్టాన్ని నడిపించే ఆఫీసు. నా సంతకం గురించే వచ్చాడనుకున్నాను. నా మొహం కనపడకుండా గుడ్డల కుప్పంతా ఒళ్ళోకి లాక్కున్నాను.

"పాప తల్లిగారు మీరేనా మేడమ్?" అని అక్కనే అడిగాడు. నా వైపు చూడనన్నా చూడలేదు. భయం పోయింది. పోయిన చోటే మంట మొదలైంది.

ఆయన సంచిలోంచి ఒక కవరు, అందులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "మీ పాపకి ప్రత్యేక అనుమతి. పేరు మీరు కోరినట్టే, ఆ అక్షరంతోనే."

అక్క కదల్లేదు. నేనే ముందుకి వంగి చూశాను. కింద రాజముద్ర, పైన టైపు చేసిన పేరు. మధ్యలో ఒక్క అక్షరం మాత్రం నల్లసిరాతో చేత్తో రాసి ఉంది. వాళ్ళ మిషన్లలో అది లేదు కదా. కొక్కెం. నేను పుట్టిన ఇన్నేళ్ళలో ప్రభుత్వం కాగితం మీద దాన్ని చూడ్డం అదే మొదలు. ఎవరో ఊపిరి బిగబట్టి, పక్క అక్షరానికి తగలకుండా, అందంగా తిప్పి రాశారు. తూము నీళ్ళ పిల్ల తొలి వాన అయిపోయింది. అంత కుదురుగా రాసిన చెయ్యి ఒక గీత ఎక్కువ తిప్పి నా కొడుక్కి కూడా రాస్తే అరిగిపోతుందా?

"ఈ రసీదు మీద సంతకం పెట్టండి మేడమ్. రేపు మీరు కోర్టుకి రానక్కర్లేదు. చంటిపిల్లతో అక్కడ గంటలు గంటలు కూర్చోవడం కష్టం కదా."

"మరి మిగిలిన పిల్లలకో?" అంది అక్క.

"ఈ అనుమతి మీ పాపకి."

అత్తయ్య కళ్ళు తెరవకుండానే, "వీధి మొత్తానికి నీళ్ళు ఆపేసి మా ఇంటి పంపు ఒక్కటీ వదిలినట్టుంది నాయనా," అంది.

ఆయనకి కోపం రాలేదు. నాకాయన మీద కోపం రాకపోవడానికి కూడా కారణం అదే. కుర్చీ అంచున కూర్చుని, నెమ్మదిగా, మనింట్లో మనిషి చెప్పినట్టే చెప్పాడు. "అమ్మా, నాకు మీ అక్షరం మీద పగ లేదు. మా ఆవిడ తరఫు వాళ్ళు కూడా అది పలుకుతారు. కానీ చట్టం చేసింది సభ. సభలో కూర్చున్నవాళ్ళని జనం ఎన్నుకున్నారు. రేపు మీ కేసు వినే తొమ్మిది మందిని ఎవరు ఎన్నుకున్నారు చెప్పండి? నచ్చని సభ్యుణ్ణి అయిదేళ్ళకి దించేస్తాం. నచ్చని జడ్జిని ఎవరు దించుతారు? రేపు వాళ్ళు మీకు నచ్చని చట్టాన్ని కొట్టేస్తే బాగుంటుంది. ఎల్లుండి మీకు మేలు చేసే చట్టాన్ని కొట్టేస్తే? అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్తారు?"

నిజం చెప్పాలంటే ఆయన అడిగింది న్యాయంగానే ఉందనిపించింది. అక్క దగ్గర జవాబు ఉంటుందని తెలుసు. ఉంటుందని తెలిసే నాకు ఒళ్ళు మండింది.

"సార్, మేము వందలో పదకొండు మందిమి," అంది అక్క. "అయిదేళ్ళకోసారి ఓటేస్తాం. యాభై ఏళ్ళు వేసినా పదకొండే. రోడ్డు వెయ్యాలా, బడి కట్టాలా, మీరు ఎక్కువమంది కాబట్టి మీ మాటే చెల్లనివ్వండి, మేం ఏమీ అనం. కానీ నా కూతురి పేరు మీదకి ఎనభై తొమ్మిది మంది చేతులెత్తడమేంటి? ఆ జడ్జిలని మేం ఎన్నుకోలేదు, నిజమే. మీ సభలో కూడా మేం ఎన్నుకున్నవాళ్ళ మాట గెలిచేది ఎప్పుడు? లెక్క చూడకుండా మనిషి మాట వినే చోటు దేశానికి ఒక్కటైనా ఉండొద్దా?"

"ఒక్క అక్షరమే కదా మేడమ్."

"నేను ల్యాబ్‌లో సీసాల మీద పేర్లు అంటిస్తాను సార్. ఒక్క అక్షరం మారితే ఒకరి రక్తం ఇంకొకరిదైపోతుంది."

ఆయన తల దించుకున్నాడు. అత్తయ్య మాత్రం కళ్ళు తెరిచి పెద్దకోడలి వైపు చూసింది. ఆ చూపు నా వైపు ఎప్పుడూ రాలేదు. నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నాను, ఒక్కసారి కూడా.

"ఆఫీసు అయిదింటికి మూస్తారు," అన్నాడు ఆయన లేస్తూ. "కిందే కారులో ఉంటాను. సంతకం పెట్టిన రసీదు అప్పటిలోగా ఇస్తే చాలు. ఆలోచించుకోండి."

ఆయన మెట్లు దిగగానే అక్క లాయరమ్మకి ఫోన్ చేసింది. మాట్లాడి వచ్చి కూర్చుని మళ్ళీ గుడ్డలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆ కాగితం మా ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంది. సంతకం పెడితే ఆవిడ పిల్లకి అసలు పేరు, రాజముద్రతో సహా. పెట్టకపోతే ఆవిడ ఫొటో ఇంకో నాలుగు పేపర్లలో. ఎటు తిరిగినా ఆవిడదే పైచేయి.

"తీసుకో అక్కా," అన్నాను.

"ఏంటి?"

"కాగితం. ఇంటికొచ్చి ఇస్తుంటే వద్దనడం ఎందుకు? నీ పిల్ల సంగతి నువ్వు చూసుకోవాలి కదా."

"నువ్వయితే తీసుకుంటావా?"

"నాకెవరిస్తారు? నేను ఫొటోలో మోచేతినే కదా."

అక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఇంకా ఆ ఫొటో దగ్గరే ఉన్నావా చిట్టీ?"

"నువ్వు మధ్యలో ఉన్నావు కాబట్టి నీకు గుర్తులేదు."

"ఇద్దరూ కాసేపు ఆపండి, పిల్లలు లేస్తారు," అంది అత్తయ్య. అనడమే ఆలస్యం, నా బాబే లేచాడు. ఆవిడ పిల్ల కదల్లేదు.

నాలుగు దాటాక లాయరమ్మ వచ్చింది. కళ్ళజోడుకి తాడు కట్టుకుని మెడలో వేసుకుంటుంది, అయినా ఎప్పుడూ దాని కోసమే వెతుక్కుంటుంది. వచ్చీరాగానే కాగితాన్ని వెలుతురులో పెట్టి చూసి, "చేతిరాత బాగుంది," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి కూర్చుంది.

"తెలివైనవాళ్ళు," అంది. "బాధ తీరిపోయిన మనిషి కేసు కోర్టు వినదు. నువ్వు సంతకం పెడితే రేపు జడ్జిలు, మీ పాపకి పేరు వచ్చింది కదా, వెళ్ళిరండి అంటారు. చట్టం మంచిదా చెడ్డదా అని నోరు విప్పాల్సిన పనే ఉండదు వాళ్ళకి. నువ్వు పెట్టకపోయినా, మేం ఇచ్చాం, ఆవిడే వద్దంది అని ప్రభుత్వం లాయరు చెబుతాడు. కేసు సగం చచ్చినట్టే. అందుకే రేపు పొద్దున్నకల్లా ఇంకో తల్లి కావాలి. బిడ్డ పేరు ఇంకా ఎక్కించని తల్లి."

అని నా వైపు తిరిగింది. మొట్టమొదటిసారి ఎవరో నా వైపు తిరిగారు.

"ఉన్నావుగా నువ్వు. అసలు మొదట్లోనే నిన్ను అనుకున్నాను. మగపిల్లాడు, తాతగారి పేరు, అర్థం కూడా గట్టిగా తగులుతుంది. నిలబడినవాణ్ణి నిలవ సరుకు చేశారంటే ఏ జడ్జి అయినా తలెత్తి చూస్తాడు. మీ అక్కే వద్దంది."

నేను అక్కని చూశాను. ఆవిడ లాయరమ్మని చూసింది, ఎందుకు చెప్పారన్నట్టు.

"నన్నా?" అన్నాను. "ముందు నన్ను అనుకున్నారా?"

"నీకు అప్పుడు కాన్పయి ఇరవై రోజులు కూడా కాలేదే," అంది అక్క. "జ్వరం. పాలు పడ్డం లేదని రోజూ ఏడ్చేదానివి. వాడు తుమ్మితే డాక్టరు దగ్గరికి పరిగెత్తేదానివి. బ్యాంకులో ఫారం నింపమంటేనే నీకు చేతులు వణుకుతాయి. అక్కడ నిలబెట్టి నల్లకోటువాళ్ళు ప్రశ్నలడిగితే ఏమైపోతావోనని..."

"నవ్వుతారని చెప్పు. తొమ్మిదో తరగతిని చూసి నవ్వుతారని చెప్పు."

"ఆ మాట నేననలేదు."

"అనుకున్నావు."

"నీ మంచికే కదే!"

"నా మంచి నన్ను అడిగి చెయ్యొచ్చు కదా! ఆ సభవాళ్ళు అనేదీ అదేగా, ఎక్కువమంది కలిసి తక్కువమందికి మంచి చేస్తున్నామని. ఈ ఇంట్లో నువ్వే సభ, నువ్వే చట్టం. నేను పదకొండులో కూడా లేను."

అక్క మొహం పాలిపోయింది. నాకు సంతోషం వేసింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, వేసింది.

లాయరమ్మ చెయ్యెత్తి ఇద్దరినీ ఆపింది. "పోట్లాట రేపు సాయంత్రం పెట్టుకోండి. ఇప్పుడు నాకు టైము లేదు." సంచిలోంచి కాగితం తీసి నా ముందు పెట్టి, కళ్ళజోడు వెతికి పెట్టుకుని, గట్టిగా చదివింది. "'నా బిడ్డ పేరు ఇంతవరకు ఏ రిజిస్టర్‌లోనూ నమోదు కాలేదని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను.' కింద సంతకం. కేసుకి ఇక నీ బాబు పేరే."

నీ బాబు పేరే. నాలుగు నెలలుగా కుట్టుమిషను చప్పుడులో కూడా నాకు వినిపించాలనుకున్న మాట అదే. పెన్ను తీసుకున్నాను. మూడో కిటికీ దగ్గర పెట్టిన సంతకం సంగతి ఈ గదిలో ఎవరికీ తెలియదు. పెట్టేస్తే? రేపు కోర్టులో ప్రభుత్వం లాయరు రిజిస్టర్ తెరిచి చూపిస్తాడు. నా కొడుకుతో పాటు మా కొక్కెం పిల్లలందరూ అబద్ధాలకోరులైపోతారు. పెట్టకపోతే ఇప్పుడే, ఇక్కడే, ఆవిడ ముందు చెప్పాలి.

"ఎందుకాగావు?" అంది అక్క, మెత్తగా. ఆ మెత్తదనమే నా నోరు విప్పించింది. గద్దిస్తే సంతకం పెట్టేసేదాన్నేమో.

"నమోదైపోయింది," అన్నాను.

"ఏమైంది?"

"పేరు. పోయిన వారం, మంగళవారం. నేనే వెళ్ళి రాయించేశాను. కొక్కెం లేకుండా."

అత్తయ్య కుర్చీలోంచి లేచింది. లేచి ఎటు వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చుంది. "మీ మామయ్యని..." అని ఆగిపోయి, "ఆ మనిషి ఒక్కరోజు కూడా ఎవరికీ బరువు కాలేదే," అంది. తిట్టినా బాగుండేది.

అక్క గుడ్డల మీద చేతులు పెట్టి అలాగే ఉండిపోయింది.

లాయరమ్మ తను రాసుకొచ్చిన కాగితాన్ని నా చేతికింద నుంచి లాగి రెండుగా చించింది. ఇక లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఆగు. ఇన్నాళ్ళూ నా దగ్గరున్నది పేరు లేని బిడ్డ," అంది మెల్లగా. "పేరు లేని బిడ్డకి ప్రత్యేక అనుమతి పడేసి నోరు మూయించొచ్చు. కానీ చట్టం అప్పటికే తప్పు పేరు పెట్టేసిన బిడ్డ? ఒకసారి ఎక్కిన పేరు ఆఫీసులో మార్చడానికి వీల్లేదని ఆ చట్టంలోనే ఉంది. అంటే వాళ్ళు నీకు అనుమతి ఇద్దామన్నా ఇవ్వలేరు. ఈ దెబ్బకి మందు కోర్టు దగ్గర తప్ప ఎక్కడా లేదు. నువ్వు చేసింది పాడుపనే. కానీ నాకు ఇంతకంటే మంచి కేసు దొరకదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బాబు నా భుజం మీద చొంగ కారుస్తున్నాడు. వాడే. కేసు ఇక వాడే.

"కానీ ఒక్క చిక్కుంది." లాయరమ్మ కొత్త కాగితం తీసి పైన తేదీ వేసింది. "రేపు ప్రభుత్వం లాయరు నిన్ను అడిగేది ఒకటే ప్రశ్న. పేరు రాయించకపోయినా టీకాల చీటీ ఆరు నెలల దాకా చెల్లుతుంది, మీవాడికి నాలుగే. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ బెదిరించలేదు. చట్టం నీ చెయ్యి పట్టుకుని రాయించలేదు. నీ కాళ్ళతో నువ్వే నడిచి వెళ్ళావు. మరి ఎందుకు వెళ్ళావమ్మా అంటాడు. చట్టానికి భయపడి వెళ్ళావా? అయితే కేసు నిలుస్తుంది. ఇంకేదైనా కారణం ఉందా? రేపు ప్రమాణం చేసి చెప్పేది ఇప్పుడే నాకు చెప్పు. ఎందుకు వెళ్ళావు?"

"నాక్కూడా వినాలనుంది," అంది అక్క.

భయమేసి. ఒక్క మాట. పూర్తిగా అబద్ధం కూడా కాదు, నాకు పొద్దున్న లేస్తే అన్నీ భయాలే. లాయరమ్మ పెన్ను ఆ మాట కోసమే కాచుకుని ఉంది. అత్తయ్య కూడా అదే వినాలని నా నోటివైపే చూస్తోంది. కానీ అక్క నా మొహంలోకి చూస్తోంది. ఆవిడ చూస్తుండగా ఆ మాట నా నోటికి రాలేదు.

"నిన్ను చూసి," అన్నాను. "చట్టాన్ని చూసి కాదు అక్కా. నిన్ను చూసి వెళ్ళాను. అందరూ నీ పిల్లనే అడుగుతుంటే ఓర్చుకోలేక వెళ్ళాను. నీకంటే ముందు నాకు ఒక్కటైనా ఉండాలని వెళ్ళాను."

లాయరమ్మ రాయలేదు. పెన్ను కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. కింద వీధిలో ఆ ఆఫీసాయన కారు స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది. అయిదింటికి ఇంకా పదకొండు నిమిషాలుంది.

అక్క గుడ్డలు పక్కకి జరిపింది. లాయరమ్మ చేతిలో పెన్ను తీసుకుంది. బల్ల మీది రసీదుని తన వైపుకి లాక్కుని, దాని మీదకి వంగింది. ఆవిడ చెయ్యి గబగబా కదిలింది. సంతకం పెడుతోందో, కొట్టేస్తోందో, నేను కూర్చున్న వైపు నుంచి కనిపించలేదు. అది వచ్చే వారం చెబుతాను.